లైవ్ రికార్డింగ్: మన వైపు బాగా నమ్మే అపోహలు, అసలు వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్లలో, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాలనూ మేళాలనూ రికార్డు చేయడం నా పని. కచేరీ పెట్టించేవాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: "మిక్సర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టెయ్యన్నా, అంతా అందులోకి వచ్చేస్తుంది."

వాస్తవం: మిక్సర్ దగ్గర ఉన్నాయన హాల్లో కూర్చున్నవాళ్ల కోసం సౌండ్ కలుపుతాడు, రికార్డింగ్ కోసం కాదు. కల్యాణ మండపంలో డ్రమ్స్ మోత మైకు లేకపోయినా వెనక వరస దాకా వస్తుంది. అందుకని ఆయన డ్రమ్స్ ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించే మీట) బాగా తగ్గించి, గాయకుల గొంతు పైకి పెడతాడు. అక్కడ అదే సరైన పద్ధతి. కానీ ఇంటికెళ్లి పెన్‌డ్రైవ్ వింటే గొంతు చెవి పక్కనే, డ్రమ్స్ ఎక్కడో పక్క వీధిలో ఉన్నట్టుంటాయి. చప్పట్లు, "వన్స్ మోర్" కేకలు దాదాపు వినపడవు. జనం లేని కచేరీ వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే ఒక్కో మైకునూ విడి ట్రాక్‌గా తీసుకోవాలి, జనం కోసం వేరే రెండు మైకులు పెట్టాలి. ఆ మైకులు స్పీకర్లకు 34 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం దాదాపు 0.1 సెకను ఆలస్యంగా చేరుతుంది. ఎడిటింగ్‌లో ఆ ట్రాకులను అంతమేర ముందుకు జరపకపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది.

అపోహ: లెవెల్ ఎర్ర లైటు దాకా ఎక్కితేనే రికార్డింగ్ బాగుంటుంది.

వాస్తవం: డిజిటల్‌లో లెవెల్ మీటర్ పై హద్దు సున్నా, అది దాటిన శబ్దం తెగిపోతుంది, ఆ పగుళ్లను ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. రికార్డర్‌ని 24 బిట్ (చిన్న శబ్దాలనూ శుభ్రంగా పట్టే సెట్టింగ్)లో పెట్టి, పెద్ద శబ్దాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే చాలు. సౌండ్ చెక్‌లో మెల్లగా పాడినవాళ్లే ఈలలు మొదలయ్యేసరికి గొంతు పెంచుతారు. సున్నాకి కింద వదిలిన ఆ ఖాళీ అందుకోసమే.

అపోహ: నాదస్వరానికి మైకు కింది వెడల్పు చివర ముందే పెట్టాలి.

వాస్తవం: శబ్దం వేళ్లు కదిలే రంధ్రాల నుంచి కూడా వస్తుంది. మైకు కింది చివరకు ఆనించి పెడితే కొన్ని స్వరాలు చెవులు చిల్లులు పడేలా, కొన్ని పీలగా వస్తాయి. మూర ఎడంగా, వాద్యం మధ్యభాగం వైపు తిప్పి పెట్టి చూడండి, గమకం నిండుగా పడుతుంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన కరవది ఒంగోలు పక్కనే ఉంది. అలాంటి నేల మీద నాదస్వరాన్ని అశ్రద్ధగా రికార్డు చేస్తుంటే నాకు మనసొప్పదు.

అపోహ: బీచ్‌లో గాలికి మైకు మీద స్పాంజి ఉంటే చాలు.

వాస్తవం: మైపాడు, కొత్తపట్నం గాలికి స్పాంజి ఆగదు. పైన బొచ్చు తొడుగు కూడా ఉండాలి. ప్రోగ్రామ్ సాయంత్రమైతే మధ్యాహ్నం చెక్ చేసి వదిలేయకండి, మొదలుపెట్టే ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్లీ వినండి.