గజ్జల్లో పేగు మళ్లీ దిగితే...

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి మూటలు మోసే హమాలీల్లో కొందరికి గజ్జల్లో పేగు దిగుతుంది. దీన్నే హెర్నియా అంటారు. దగ్గితే కోడిగుడ్డంత ఉబ్బు, పడుకుంటే మాయం. ఆపరేషన్ చేయించుకుంటారు. కొందరికి కొన్నేళ్లకు ఆ మచ్చ దగ్గరే మళ్లీ ఉబ్బు. "అప్పుడు సరిగ్గా కుట్టలేదు" అని డాక్టర్ని తిట్టుకుంటారు. తప్పు ప్రతిసారీ చేతిది కాదు.

1887లో ఇటలీలో బస్సీని అనే సర్జన్ ఈ ఆపరేషన్‌కు తన పద్ధతిని ప్రకటించాడు. కండను కిందికి లాగి, గజ్జల్లోని లిగమెంటుకు, అంటే గట్టి పట్టీకి కుట్టడం. చిరిగిన గోనెసంచి అంచుల్ని లాగి కుడితే ఏమవుతుంది? బరువు పడగానే దారం పక్కన చినుగుతుంది. ఇక్కడా అదే చిక్కు. 1950ల చివర్లో అమెరికన్ సర్జన్ అషర్ ప్లాస్టిక్ వల తెచ్చాడు. 1980ల్లో లిక్టెన్‌స్టీన్ అంచులు లాగకుండా ఆ వలనే మాసిక వేసి, దానికి 'టెన్షన్' లేని ఆపరేషన్ అని పేరు పెట్టాడు. మనం పడే టెన్షన్ కాదులెండి, కుట్టు మీద పడే లాగుడు. వల ఖరీదు సంగతికొస్తే, మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టర్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డనే శుభ్రపరిచి వాడి చూపించారు.

వల వేసినా కొందరికి తిరగబెడుతుంది. అసలు కష్టం అప్పుడే. పాత కోత కింద పొరలన్నీ అతుక్కుపోయి నరమేదో, వీర్యనాళమేదో తెలియదు. ఆ దారినే మళ్లీ కోస్తే వృషణానికి రక్తం ఆగిపోవచ్చు, నొప్పి ఏళ్ల తరబడి మిగిలిపోవచ్చు.

గజ్జల్లో హెర్నియాలన్నీ పొట్ట గోడలోని ఒకే బలహీన చోటు నుంచి వస్తాయని 1956లో ఫ్రాన్సులో ఫ్రూషో చెప్పాడు. అలాంటప్పుడు ఆ చోటంతటినీ లోపలి నుంచే కప్పేస్తే? అమెరికాలో నైహస్ ఆ గోడ వెనక దారి, అంటే లోపలివైపు దారి పట్టాడు. ఫ్రాన్సులో స్తోప్పా బొడ్డు కింద కోసి, పేగుల సంచికీ పొట్ట గోడకీ మధ్య దుప్పటిలా పెద్ద వల పరిచాడు. పేగును బయటికి తోసే ఒత్తిడే ఇప్పుడు వలను గోడకు అదిమిపెడుతుంది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన ఆలోచన ఇదే. 1990ల నుంచి అదే పని మూడు చిన్న రంధ్రాల్లోంచి ల్యాపరోస్కోపీతో జరుగుతోంది.

2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలూ ఇదే చెప్పాయి: మొదటిసారి గోడ ముందువైపు నుంచి (గజ్జల్లో కోసి) చేసి ఉంటే ఈసారి గోడ వెనకవైపు నుంచి, వెనకవైపు నుంచి చేసి ఉంటే ముందువైపు నుంచి. రెండు దారులూ అయిపోయినవాళ్లను ఇందులో బాగా చెయ్యి తిరిగిన సర్జనే చూడాలి.

అందుకే రెండో డాక్టర్ మొదట అడిగేది పాత డిశ్చార్జి కాగితం. రేషన్ కార్డు దాచినంత పదిలంగా దాన్నెవరూ దాచరు. గజ్జల్లో నాలుగు వేళ్ల గీత ఉందా, బొడ్డు దగ్గర చిన్న మచ్చలున్నాయా అన్నదాన్ని బట్టి పాత దారి తెలుస్తుంది. లోపల వల ఉందో లేదో మాత్రం మచ్చ చెప్పదు.