మేడ మీద మూరెడు, మైదానంలో జానెడు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద నాకు లెగ్‌స్పిన్నర్‌గా గట్టి పేరుంది. నీళ్ల ట్యాంకు దగ్గర నుంచి టెన్నిస్ బంతిని మణికట్టుతో తిప్పి వదిలితే, లెగ్ వైపు, అంటే బ్యాటర్ కాళ్ల వైపు పడి మూరెడు పక్కకు తిరిగి, బ్యాటు అందుకునేలోపు బట్టలు ఆరేసిన తీగ కిందకు వెళ్లిపోయేది. ఆ పేరు చూసుకునే ఆదివారాలు తోలు బంతితో ఆడే ఒక జట్టులో చేరాను. మన ఊళ్లలో డ్యూస్ బాల్ అంటామే, అదే. నగర శివార్లలో మైదానం, చాప పరిచిన మ్యాటింగ్ వికెట్. మొదటి ఓవర్‌లోనే మూడు సిక్సులు, ఒక ఫోరు. బంతి అసలు తిరగలేదని అనలేను. తిరిగింది, జానెడు. బ్యాటు అంచు మీదకు పోవాల్సింది నడిమధ్యకు వచ్చింది. నాలుగోసారి బంతి తెచ్చి ఇస్తూ మా మేనల్లుడు, "మామయ్యా, ఇది మేడ కాదు" అన్నాడు.

పిల్లవాడు ఎగతాళికి అన్నా, మాటలో భౌతికశాస్త్రం ఉంది. ఇంటికి వచ్చి రెండు బంతులకూ సగం తెల్లరంగు వేశాను. ఫోనులో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లోమోషన్ పెట్టి, తెల్లసగం మళ్లీ కెమెరా వైపు రావడానికి ఎన్ని ఫ్రేములు పడుతున్నాయో లెక్కపెట్టాను. టెన్నిస్ బంతికి 9, తోలు బంతికి 13. అంటే మొదటిది నిమిషానికి 1,600 చుట్లు, రెండోది 1,100. అదే చెయ్యి, అదే విసురు.

కారణం తూకంలో కొంత ఉంది, ఆ బరువు బంతిలో ఎక్కడ ఉందన్న దానిలో మరికొంత ఉంది. క్రికెట్ బంతి సుమారు 160 గ్రాములు, టెన్నిస్ బంతి 58. బరువు దాదాపు మూడు రెట్లు. అయితే తోలు బంతిలో బరువు లోపలిదాకా పరుచుకుని ఉంటుంది. టెన్నిస్ బంతి గుల్ల, దాని బరువంతా పెంకులోనే. ఇరుసుకు దూరంగా ఉన్న బరువును తిప్పడం కష్టం కాబట్టి ఆ మూడు రెట్ల తేడా కొంత తగ్గి, తిరగడానికి తోలు బంతి చూపే మొండితనం టెన్నిస్ బంతి కన్నా రెట్టింపు దగ్గర తేలుతుంది. వేళ్లు పెట్టిన శక్తి అంతే అయినప్పుడు చుట్ల వేగం రెండింటి వర్గమూలం మేరకు, అంటే సుమారు 1.4 రెట్లు పడిపోవాలి. 9ని 1.4తో హెచ్చవేస్తే 13కు కాస్త తక్కువ. మేడ మీద చేసిన ప్రయోగానికి ఇంతకన్నా చక్కని జవాబు ఆశించకూడదు.

అసలు మోసం పిచ్ మీద జరుగుతుంది. తిరుగుతున్న బంతి నేలను తాకగానే అడుగుభాగం ఒక పక్కకు జారబోతుంది. రాపిడి దాన్ని పట్టుకుని బంతిని రెండో పక్కకు నెడుతుంది. జారుడు ఆగేదాకానే ఈ నెట్టుడు. గుల్ల బంతి అంచున బరువు మోస్తోంది గనుక దాని తిరుగుడు తొందరగా చావదు. చచ్చేలోపు పక్కకు ఎక్కువ తోపు అందుతుంది. లెక్క కడితే, ఉపరితలం తిరిగే వేగంలో గుల్ల బంతికి అయిదింట రెండు వంతులు, గట్టి బంతికి ఏడింట రెండు వంతులు పక్కకు వెళ్లే వేగంగా మారతాయి. నా చుట్లను ఇందులో వేస్తే టెన్నిస్ బంతికి సెకనుకు రెండుంబావు మీటర్లు, తోలు బంతికి 1.2 మీటర్లు వచ్చింది. పడ్డ చోటు నుంచి బ్యాటు దాకా రెండున్నర మీటర్లు, సెకనుకు 14 మీటర్ల ముందువేగం అనుకుంటే, ఒకటి 40 సెంటీమీటర్లు తిరుగుతుంది, మరొకటి 21. మూరెడూ జానెడూ అన్నది ఊరికే అనలేదు.

ఇవి కూడా పిచ్ పూర్తిగా పట్టు ఇచ్చి, బంతి సరైన ఇరుసు మీద తిరిగినప్పటి అంకెలు. ఆ ఇరుసును నిర్ణయించేది మణికట్టు. కుళాయి విప్పేటప్పుడు కుడిచెయ్యి ఏ వైపు తిరుగుతుందో, లెగ్ వైపు పడి అవతలి ఆఫ్ వైపుకు తిరిగే లెగ్‌బ్రేక్ తిరుగుడు అదే వైపు. బంతి నడుం చుట్టూ ఉండే కుట్టు స్లిప్ వైపు, అంటే కీపరు పక్కన నిలబడే ఫీల్డరు వైపు చూస్తూ వెళితే లెగ్‌బ్రేక్, బ్యాటర్ వైపు చూస్తే పక్కకు తిరగకుండా తిన్నగా వెళ్లే టాప్‌స్పిన్నర్. మణికట్టు ఇంకా వంగి చేతి వెనకభాగం బ్యాటర్‌కు కనిపించేలా వదిలితే గూగ్లీ, తిరుగుడు ఎదురు. మొత్తం శాస్త్రం ఆ కొద్ది డిగ్రీల్లో ఉంది. కుట్టు గాలిలో తడబడుతూ వెళుతోందంటే ఇరుసు కుదరలేదన్నమాట.

గాలి సంగతికి వస్తే, తిరిగే బంతి గాలిని ఒక పక్కకు మళ్లిస్తుంది, గాలి దాన్ని రెండో పక్కకు తోస్తుంది. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. తుపాకీ గుండులా ముందుకు పోయే దారినే ఇరుసుగా చేసుకుని తిరిగే బంతికి ఈ తోపు ఉండదు. కానీ కాస్త పైకి వేసిన బంతి కిందకు దిగడం మొదలుపెట్టగానే దారి వంగుతుంది, ఇరుసు వంగదు. ఆ రెండింటి మధ్య కోణం ఏర్పడగానే లెగ్‌బ్రేక్ చివరి క్షణాల్లో లెగ్ వైపు జరుగుతుంది. అక్కడ పడి ఆఫ్ వైపు తిరుగుతుంది. బంతికి ఎత్తు ఇవ్వమని పెద్దవాళ్లు పోరేది ఇందుకే. నేనేమో సిక్సుల భయంతో చదునుగా వేసి, ఉన్న ఒక్క ఆయుధాన్నీ పారేసుకున్నాను. ఈ తోపు కూడా బరువు తక్కువైన టెన్నిస్ బంతిని రెట్టింపుకు పైగా కదిలిస్తుంది.

బెంగళూరులో దీనికి మరో చిక్కు. మన నగరం సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. చెన్నైతో పోలిస్తే గాలి సాంద్రత దాదాపు పదో వంతు తక్కువ, మాగ్నస్ తోపూ అంతే తక్కువ. కర్ణాటక నుంచి వచ్చిన ఇద్దరు గొప్ప మణికట్టు స్పిన్నర్లూ గాలిలో తేలించడం కన్నా వేగాన్నే నమ్ముకున్నారు. పోలియోతో బక్కచిక్కిన కుడిచేత్తో బి.ఎస్. చంద్రశేఖర్ 1971లో లండన్ ఓవల్ మైదానంలో 38 పరుగులకు 6 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను 101కి కూల్చాడు. బెంగళూరులోనే పుట్టిన అనిల్ కుంబ్లే బంతిని తిప్పడం లేదని విమర్శలు వింటూనే 619 టెస్టు వికెట్లు తీశాడు. దీనికి పల్చటి గాలే కారణమని నేననను. తేలిక లెక్కలతో చరిత్రను వివరించే జబ్బు భౌతికశాస్త్రం చెప్పేవాళ్లకు ఎక్కువ.

సాధన విషయంలో నేను మార్చుకున్నది కొంచెమే. ముందు టెన్నిస్ బంతిని పక్కన పెట్టాను. పిచ్ పొడవు సగానికి, 11 గజాలకు తగ్గించి, పరుగు లేకుండా నిలబడి తోలు బంతిని వేళ్లు నొప్పెట్టేంత తిప్పుతాను. బొంగరానికి తాడు ఎలాగో లెగ్‌స్పిన్‌కు ఉంగరపువేలు అలాగ. కుట్టు ఆ వేలి పక్కన ఒరుసుకుని చర్మం ఎర్రబడి, తర్వాత గట్టిపడింది. ఇప్పుడు పప్పన్నం కలుపుకున్నప్పుడు మాత్రమే గుర్తుకొస్తుంది. రోజుకు 40 బంతులు దాటను. వారమంతా కుర్చీలో కూర్చునే భుజం ఆదివారం వంద బంతులు అడిగితే సోమవారం దువ్వెన కూడా ఎత్తనివ్వదు.

రెండో మార్పు మొదట మనసుకు ఎక్కలేదు. 1979లో షియా, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు, చేతిలో టెన్నిస్ బంతి పట్టుకుని చిన్న చెక్కపలకలను వరుస తప్పకుండా పడగొట్టే పనిని కొందరికి నేర్పారు. ఒక్కో వరుసను పదేపదే చేసినవాళ్లు నేర్చుకునేటప్పుడు మెరుగ్గా కనిపించారు. వరుసలను కలగాపులగంగా చేసినవాళ్లు అప్పుడు తడబడ్డారు, కానీ పది రోజుల తర్వాత పరీక్షిస్తే వాళ్లకే బాగా గుర్తుంది. ఇరుసు కుదిరాక నేనూ ఒకే బంతి వరుసగా వేయడం మానేశాను. లెగ్‌బ్రేక్, టాప్‌స్పిన్నర్, ఎత్తుగా ఒకటి, క్రీజు అంచు నుంచి ఒకటి. నెట్స్‌లో చూసేవాళ్లకు నేను దిగజారినట్టే ఉంటుంది. మేనల్లుడైతే బాహాటంగానే చెప్పాడు.

నాలుగు నెలలకు 13 ఫ్రేములు 11 అయ్యాయి, నిమిషానికి 1,300 చుట్లు. మొన్న ఆదివారం ఒక బంతి లెగ్ వైపు జరిగి, పడి, జానెడు మీద నాలుగు వేళ్లు తిరిగి బ్యాటర్ ప్యాడ్‌ను తాకింది. వికెట్‌కు ఎదురుగానే తగిలింది, ఎల్బీడబ్ల్యూ ఔటే అని నాకు అనిపించింది. అంపైరుగా నిలబడింది బ్యాటింగ్ జట్టువాడే. ఆయన నా వైపు చూసి, "బాగా తిరిగిందండీ, వికెట్ దాటిపోయేది" అని తల అడ్డంగా ఊపాడు.