"బంగారం దొరికిందా సార్?": మ్యూజియం పనిపై అపోహలు - వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల దొరికిన పాత వస్తువులను శుభ్రం చేసి, నంబరు వేసి, భద్రపరచడం నా పని. ఏ ఊరికి వెళ్ళినా మొదట అడిగేది బంగారం సంగతే.

అపోహ: తవ్వేది నిధి కోసం.

మాకు దొరికేవి ఎక్కువగా కుండపెంకులే. చంద్రగిరి వైపు జనం 'పాండవ గుళ్ళు' అనే రాతి పలకల గదులు నిజానికి ఇనుప యుగం నాటి సమాధులు. అలాంటి సమాధుల్లో ఒక రకం కుండ వస్తుంది. లోపల, మూతి దగ్గర నలుపు. బయట కిందంతా ఎరుపు. రంగులు పూసింది కాదు. బోర్లించి కాలిస్తే గాలి ఆడని చోట నల్లబడుతుంది, ఆడిన చోట ఎర్రబడుతుంది.

ఆ పెంకు ఏ గుంతలో, ఎంత లోతులో దొరికిందో తెలియాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు సంచుల పెంకులు ఒకే బల్ల మీద ఆరబెట్టాను. ఫ్యాన్ గాలికి చీటీలు ఎగిరిపోయాయి. ఇప్పుడవి కొత్తగా చేరినవాళ్ళకు పెంకులు అతికించడం నేర్పడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

అపోహ: పాత లోహం తళతళలాడాలి.

పొలంలో దొరికిన దీపపు సెమ్మెను ఒక పెద్దాయన చింతపండుతో తోమి తెచ్చాడు. "చూడబ్బా, కొత్తదాని మాదిరి ఉంది." కొత్తదాని మాదిరే ఉంది, అదే బాధ! రాగి, కంచు మీద గట్టిగా పట్టిన పచ్చటి పొర కింది లోహాన్ని కాపాడుతుంది. తోమితే సన్నటి గీతలు, అక్షరాలు కూడా పోతాయి. పొడిగా రాలే లేతపచ్చ మాత్రం వేరు. అది ఉప్పు వల్ల లోహాన్ని తినేసే రోగం, వైద్యం చెయ్యాల్సిందే.

అపోహ: దొరికిందని చెబితే పొలం లాక్కుంటారు.

వస్తువు దొరికినంత మాత్రాన పొలం పోదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువైనది మట్టిలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితేనే శిక్ష, పైగా రావాల్సిన వాటా కూడా పోతుంది.

అపోహ: పాతదంటే రాయలవారిదే.

చంద్రగిరి రాజమహల్ విజయనగర కాలానిదే, సరే. గుడిమల్లం శివలింగాన్ని చాలామంది పండితులు క్రీస్తుకు ముందటిదని అంటారు. పలమనేరు, పుంగనూరు వైపు వీరగల్లుల్లో, అంటే చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళలో, విజయనగరానికి ముందే ఏలిన బాణులు, వైదుంబుల కాలానివి ఉన్నాయి. వాటికి పసుపు పూసి మొక్కుతారు. మొక్కండి, కానీ ఎనామిల్ పెయింట్ వెయ్యకండి. రాతి మీది శాసనానికి నకలు తీసేటప్పుడు తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దుతాం. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. పెయింట్‌తో పూడిన రాయి మీద ఏమీ తేలదు.

అపోహ: ఇంట్లో పాత సామాను మ్యూజియానికి ఎందుకు?

తిరగలి, పడి, శేరు, ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలు సంచి, అన్నీ కావాలి. వాటికి వందేళ్ళు నిండక్కర్లేదు. మొన్న ఒక అవ్వ కపిల దగ్గర ఆగి, ఎద్దులు వాలులో దిగుతూ నీళ్ళు ఎలా లాగేవో, మళ్ళీ వెనక్కి ఎలా నడిచేవో మనవడికి నడిచి చూపించింది. తాళ్ళలో ఒక్కోదానికి ఒక్కో పేరు చెప్పింది. అన్నీ చీటీ మీద రాసుకుని, ఫ్యాన్ ఆపేసి, అక్కడికక్కడే కట్టేశాను.