సూర్యుడా, బోరు మోటారా? స్పేస్ ఫిజిక్స్ చదువు: అపోహలు - వాస్తవాలు

పాలమూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకు పాఠాలు చెబుతాను. స్పేస్ ఫిజిక్స్ ప్రాజెక్టు అనగానే ఏటా ఇవే మాటలు.

అపోహ: దానికి శ్రీహరికోట పోవాలి సార్.

వాస్తవం: చెక్క ఫ్రేముకు చుట్టిన రాగితీగ, చిన్న యాంప్లిఫయర్, లాప్‌టాప్ సౌండ్ కార్డు చాలు. తిరునెల్వేలి దగ్గరి నౌకాదళ కేంద్రం జలాంతర్గాముల కోసం 18.2 కిలోహెర్ట్జ్‌లో సంకేతం పంపుతుంది. అది నేలకూ, పై వాతావరణంలో విద్యుదావేశం నిండిన అయనోస్ఫియర్ అడుగు పొరకూ మధ్య దొర్లుకుంటూ మన దాకా వస్తుంది. సూర్యుడి మీద జ్వాల లేస్తే ఎనిమిది నిమిషాల్లో ఎక్స్‌రేలు వచ్చి ఆ పొరను కదిలిస్తాయి. ఆ సంకేతం బలాన్ని చూపే మన గ్రాఫులో గీత కదులుతుంది.

అపోహ: డేటా నెట్‌లో ఉచితంగా దొరుకుతుంటే తీగలు చుట్టడం దేనికి?

వాస్తవం: నిరుడు ఒకమ్మాయి జడ్చర్ల దగ్గర వాళ్ల చేనులో ఆ రాగితీగ లూప్ నిలబెట్టింది. ఒక రాత్రి ఎనిమిదింటికి గీత నిట్టనిలువుగా లేచింది. సూర్యుడి ఎక్స్‌రేలను కొలిచే అమెరికా గోస్ ఉపగ్రహం జాబితాలో సరిగ్గా 20:00కి జ్వాల ఉంది! సంబరంగా చూపించింది. "రాత్రి ఎనిమిదింటికి మనకు సూర్యుడెక్కడమ్మా?" అన్నాను. జాబితాలోది యూనివర్సల్ టైము, మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఆ జ్వాల లేచింది మనకు తెల్లవారుజామున ఒకటిన్నరకు.

మరి ఎనిమిదింటిది? పోయిన కరెంటు వచ్చింది. ఆటో స్టార్టర్లున్న బోరు మోటార్లన్నీ ఒకేసారి ఎత్తుకున్నాయి. జ్వాలైతే గీత నిమిషాల్లో మారి, అరగంటో గంటో తీసుకుని మెల్లగా మామూలుకొస్తుంది. మోటారుదైతే మెట్టులా లేచి మెట్టులా పడుతుంది. డౌన్‌లోడ్ చేసుకున్న డేటాలో ఈ చెత్తను చాలావరకు ఎవరో ముందే ఏరేసి ఉంటారు. ఏరడం మనకెప్పుడొస్తుంది? ఇప్పుడా అమ్మాయి నోటుబుక్కులో మొదటి కాలమ్ కరెంటు వచ్చిన టైమే.

అపోహ: రాత్రుళ్లు మేలుకోవాలి.

వాస్తవం: జ్వాలల పని పగలే. ఇంట్లోవాళ్లకు చెప్పండి.

అపోహ: అరోరా (ధ్రువాల దగ్గర ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు) కనబడని ఊళ్లో చూడ్డానికేముంది?

వాస్తవం: ఇది నాకు నిజంగా కోపం తెప్పించే మాట. భూ అయస్కాంత మధ్యరేఖ దేశం దక్షిణ కొస మీదుగా పోతుంది. అందుకే పొద్దుగూకాక అయనోస్ఫియర్‌లో ప్లాస్మా బుడగలు (విద్యుదావేశ కణాలు పలచబడ్డ చోట్లు) లేచి మనవైపు కూడా జీపీఎస్ సంకేతాలను మిణుకుమనిపిస్తాయి. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరుల్లో ఇది ఎక్కువ. లడఖ్‌లో ఎప్పుడైనా అరుదుగా అరోరా కనబడితే, మనకివి ఉన్నాయి. పాత నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లోనే ఎన్‌జీఆర్‌ఐ (హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వారి అయస్కాంత పరిశీలనశాల ఉంది. 2024 మే 10-11 సౌర తుఫానుకు భూమధ్యరేఖ చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రం సుమారు 400 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రం కొలత) పడిపోయింది. మన దగ్గర ఉండేదే దాదాపు 40 వేలు. ఆ ఒక్క శాతం గ్రాఫులో ఎంత లోతుగా దిగుతుందో మా క్లాసులో గీయించాను, ఒక కాగితం చాలలేదు.