ఆనప పిందెకు వేలు చూపిస్తే

"రోహిణి కార్తె వచ్చిందగ్గర్నుంచి ఆనపపాదుకి పిందెలు పడ్డవి పడ్డట్టే పండుబారి రాలిపోతున్నాయండి. ఎవరో వేలు చూపించారని మా అత్తగారు అంటున్నారు. నిజంగా అలా జరుగుతుందా?" అని అంబాజీపేట వైపు నుంచి ఒకావిడ అడిగారు.

అత్తగారు చెప్పిన కారణం తప్పే గానీ, ఆవిడ చూసింది అబద్ధం కాదు. వేలు చూపించిన పిందెలు నిజంగానే రాలతాయి. చూపించనివీ రాలతాయి, కాకపోతే వాటి లెక్క ఎవరూ పెట్టుకోరు.

తిరకాసంతా పిందెలోనే ఉంది. మామిడికీ వంగకీ పూత అయ్యాకే పిందె కనబడుతుంది. ఆనప, బీర, పొట్ల, గుమ్మడి అలా కాదు. వీటి ఆడపువ్వులో అండాశయం రేకుల కింద ఉంటుంది కాబట్టి, పువ్వు విచ్చకముందే బుల్లి కాయ తయారుగా కనిపిస్తుంది. (బళ్ళో పువ్వు భాగాలంటే మందారాన్నే కోసి చూపిస్తారు. ఆడా మగా ఒకే పువ్వులో, అండాశయం రేకుల పైన. ప్రతి దొడ్లోనూ ఉండే పాదుని ఒక్కసారి కోసి చూపిస్తే ఈ వేలి భయం ఎప్పుడో పోయేది.)

పెళ్ళికొడుకు ఖాయం కాకుండానే వేసేసిన పెళ్ళిపందిరి ఆ పిందె. ముహూర్తం ఒక్క రాత్రే: ఆనపపువ్వు సాయంత్రం విచ్చి, మర్నాటి ఎండకి వడిలిపోతుంది. ఆలోగా మగపువ్వు పుప్పొడి వచ్చి అంటుకుంటే గింజలు కట్టడం మొదలవుతుంది, ఆ లేతగింజల్లోంచి వచ్చే ఆక్సిన్ లాంటి హార్మోన్లే పందిరిని నిలబెడతాయి. రాకపోతే పాదు వంటసరుకు పంపడం మానేస్తుంది, పిందె పసుపెక్కి ముడుచుకుపోతుంది. పెళ్ళివారు సగం మందే వస్తే, అంటే పుప్పొడి చాలకపోతే, గింజ కట్టిన వైపే కండ పట్టి వంకరకాయ అవుతుంది. ఒక పెళ్ళి భోజనాలు తెమలకుండా ఇంకో పెళ్ళికి సరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది? విత్తనానికని రెండు కాయలు తీగ మీదే ముదరబెడితే, పుప్పొడి అందిన కొత్త పిందెలు కూడా రాలేది అందుకే. లేతగా కోసేస్తుంటే కాపు నిలుస్తుంది.

ఇంతకీ పుప్పొడిని తెచ్చేదెవరు? అది జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. గుమ్మడి, దోస, కాకర పొద్దున్నే పూస్తాయి, వాటి సంగతి తేనెటీగలు చూసుకుంటాయి. ఆనప, పొట్ల మాత్రం చీకట్లో తెల్లగా విచ్చుకునేది హాక్ మాత్‌ల కోసం. పువ్వు మీద వాలకుండా గాలిలోనే నిలబడి, పొడుగాటి గొట్టంలాంటి నోరు దించి తేనె తాగే పెద్ద రెక్కల పురుగులివి. ఎగిరేముందు రెక్కల కండరాలను వణికించుకుని ఒళ్ళు వేడెక్కించుకుంటాయి. వీటి పిల్లలు మీకు తెలిసినవే! చేమ ఆకుల మీద, చిలగడదుంప తీగ మీద, తోక దగ్గర కొమ్ముతో లావుగా పాకే ఆకుపచ్చ, గోధుమరంగు గొంగళ్ళు. వాటన్నిటినీ మందు కొట్టి చంపేసి, పక్కనే ఉన్న ఆనపపాదు కాయలేదని దిష్టిబొమ్మ కడుతున్నాం.

రోహిణి ఎండల్లో ఇంకో చిక్కుంది. వేడి, పొడుగు పగళ్ళు పాదుని మగపూల వైపు నెడతాయి. మొగ్గగా ఉన్నప్పుడు ప్రతి పువ్వులోనూ ఆడ, మగ భాగాలు రెండూ మొలకెత్తుతాయి. ఖర్బూజ మీద జరిగిన పరిశోధనల్లో 2009లో డబ్ల్యూఐపీ1 అనే జన్యువు బయటపడింది. అది పనిచేస్తే ఆడభాగం ఆగిపోతుంది. ఏసీఎస్11 అనే మరో జన్యువు ఇథిలీన్ అనే వాయువు తయారీకి తోడ్పడి ఈ డబ్ల్యూఐపీ1 నోరు నొక్కుతుందని 2015లో తేలింది. అప్పుడు ఆడభాగం ఎదుగుతుంది, ఇంకో ఇథిలీన్ జన్యువు ఏసీఎస్7 మగభాగాన్ని ఆపుతుంది. వరిగడ్డిలో మాగేసిన మామిడికాయలు వదిలేదీ ఈ వాయువునే. కాయని పండించేదే మొగ్గని ఆడపువ్వు చేస్తోంది! పాదు 2–4 ఆకుల మీద ఉన్నప్పుడు రైతులు చల్లే ఇథ్రెల్ అనే మందు నుంచి వెలువడేదీ ఇథిలీనే.

రాలడం వేరు, కుళ్ళడం వేరు. పిందె మీద సూది గుచ్చినట్టు చిన్న గాటు, దాని చుట్టూ జిగురు ఉంటే అది పండుఈగ పని. లోపల గుడ్లు పెట్టేసింది. మామిడితోటలో పండుఈగలకని కట్టే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు దీనికి పనికిరావు. పాదుల మీద వాలే ఈగకి క్యూల్యూర్ ఎర కావాలి, దానికీ మగఈగలే పడతాయి. పుచ్చిన పిందెల్ని పాదు మొదట్లోనే పడేస్తే పురుగులు ఆ మట్టిలోకి దిగి, కోశదశ గడిపి, మళ్ళీ ఈగలై పందిరెక్కుతాయి. లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి.

రాలడానికి మందు ఇంకా తేలిక. పొద్దు గూకాక అప్పుడే విచ్చిన మగపువ్వు ఒకటి తెంపి, రేకులు తీసేసి, పుప్పొడి కాడని ఆడపువ్వు నడుమ మెల్లగా రుద్దాలి. ఒక్క మగపువ్వుతో రెండు మూడు ఆడపూలకి అద్దొచ్చు. వేలు తగిలినా ఫరవాలేదు.