కూషు మొహం చూడని కాయ

ఇజ్రాయెల్‌లో వృద్ధుల దగ్గర కేర్‌గివర్‌గా పనిచేస్తున్న నిజామాబాద్ పాఠకుడు ఒకరు అడిగారు: "ఒక నల్లాయన గురించి చెబుతూ 'కుషి' అన్నానండీ. ఇంటాయన మనవరాలు గయ్‌మంది. బైబిల్లో ఉన్న మాటేగా?"

ఉన్న మాటే. కూషు ఒక దేశం, ఈజిప్టుకు దక్షిణాన, ఇప్పటి సూడాన్‌లో. కుషి అంటే కూషువాడు, మనం గుంటూరువాడు అన్నట్టు. బైబిల్లో యిర్మీయా ప్రవక్తను బురద గోతిలోంచి పైకి లాగిన ఎబెద్మెలెకు కుషియే. తాడు ఒరుసుకోకుండా చంకల కింద పాతగుడ్డలు పెట్టుకోమని కూడా చెప్పాడు, పెద్దమనిషి! అయితే అదే గ్రంథంలో "కూషు దేశస్థుడు తన చర్మాన్ని మార్చుకోగలడా?" అనే ప్రశ్న ఉంది. ఊరి పేరుకు రంగు అంటుకోవడం అప్పటికే మొదలైంది.

ఆ రంగు ఊరిని ఎలా మింగేసిందో చూడాలంటే ఒక కాయ చాలు. పర్ణశాలల పండుగకు యూదులు మాదీఫలం చేతబట్టుకుంటారు. 'కుషి' మాదీఫలం పనికిరాదని మిష్నా (యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం, సుమారు క్రీ.శ. 200) అంటుంది. ఇంకో పాత వాక్యమేమో కుషి కాయ పనికొస్తుంది, కుషిలా కనిపించేది పనికిరాదు అంటుంది. మిష్నా మీద చర్చలు చేసిన తల్మూద్ పండితులు తల పట్టుకున్నారు. వాళ్ళలో అబయే అనే ఆయన ముడి విప్పాడు: మిష్నా చెప్పింది కూడా కుషిలా కనిపించే కాయ గురించేనని. అంటే కూషులో పండి, సహజంగా నల్లగా ఉన్న కాయకు దోషం లేదు. కూషు బయట పండి నల్లబడిందే చెడ్డది. కూషు మొహం చూడని కాయ కూడా కుషి అయిపోయిందన్నమాట!

మిష్నాలోనే ఇంకో చోట చర్మం మీద తెల్లమచ్చల పరీక్ష ఉంది. గట్టి తెలుపు మచ్చ కూడా జర్మన్ ఒంటి మీద వెలిసినట్టుంటుంది, మసక మచ్చ కూడా కుషి ఒంటి మీద మెరుస్తుంది. మచ్చ మారలేదు, వెనకరంగు మారింది. మన మాస్టార్లు తెల్లకాగితం మీదా నల్లబల్ల మీదా సుద్దముక్కతో గీసి చెబితే రెండు నిమిషాల పాఠం. ఇక్కడ కుషి తిట్టు కాదు, కొలబద్ద మీద ఒక చివర.

మోషే పెళ్ళాడిన కూషు స్త్రీ విషయంలో 11వ శతాబ్దపు బైబిల్ వ్యాఖ్యాత రాషీ ఇంకా తమాషా చేశాడు. 'కూషిత్' (కూషు స్త్రీ) అక్షరాల విలువలు కూడితే 736, 'చక్కనిది' అన్న మాటవీ 736 అట. న్యూమరాలజీ పిచ్చి ఎక్కడైనా ఒకటే! అందమైన కొడుకును దిష్టి తగలకుండా తండ్రి 'కుషి' అని పిలిచినట్టు ఆమెనూ పిలిచారన్నాడు. మన పెంటయ్యలు, పుల్లయ్యలు గుర్తు రాలేదూ?

ఆధునిక హీబ్రూలో నల్లవాళ్ళందరూ కుషీలయ్యారు. 1984-85లోనూ, 1991లోనూ ఇథియోపియా యూదులు విమానాల్లో వేలాదిగా ఇజ్రాయెల్‌లో దిగారు. సొంత ఊళ్ళలో వాళ్ళు తమను 'ఎర్రవాళ్ళం' అనుకునేవారు, నల్లవాళ్ళంటే బానిసలని వాళ్ళ లెక్క. ఇజ్రాయెల్‌లో దిగాక వాళ్ళే కుషీలయ్యారు, ఆ మాదీఫలం లాగే. స్కూల్లో, వీధిలో ఆ మాట పడ్డది వాళ్ళ పిల్లలు. ఇప్పుడది పచ్చి తిట్టు.

ఇథియోపియా నుంచి వచ్చినవాళ్ళను దాని బదులు మర్యాదగా 'ఎతియోపి' అంటున్నారు. బైబిల్‌ను గ్రీకులోకి మార్చినవాళ్ళు కూషుకు బదులు వాడిన పేరు నుంచి వచ్చిందది. గ్రీకులో దాని అర్థం 'కాలిన మొహం'. అయినా మీరు ఆ మనవరాలికి సారీ చెప్పేయండి.