జపాన్ బాంబులు, మిలిటరీ బంకర్లు: బెజవాడ వన్‌టౌన్ పాత ఇళ్ళపై అపోహలు - వాస్తవాలు

పాత ఇళ్ళకు మరమ్మతులు చేయించడం నా వృత్తి. శివాలయం వీధి చుట్టుపక్కలనో, కాళేశ్వరరావు మార్కెట్ వెనకనో ఇల్లు చూడమని ఎవరైనా పిలిస్తే, కప్పు ఎక్కడ కారుతోందో చెప్పకముందే ఆ ఇంటి పెద్దలు రెండో ప్రపంచ యుద్ధం కథ ఎత్తుకుంటారు. యుద్ధం ఈ ఇళ్ళను తాకిన మాట నిజమే. అయితే అది ఎక్కువగా సరుకు కొరత రూపంలో, సర్కారు ఉత్తర్వుల రూపంలో తాకింది. ఇంటింటా వినిపించే మాటల్లో మాత్రం ఈ రెండూ ఉండవు.

అపోహ: ఈ గోడ జపాన్ బాంబుకు బీటలు వారింది.

వాస్తవం: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసింది విశాఖపట్నం, కాకినాడల మీద. ఆ వార్తకు కోస్తా అంతా హడలిపోయింది, మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళబాట పట్టారు. మన గోడల బీటలకు కారణాలు ఇంత గొప్పవి కావు. నల్లమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోవడం, పక్క స్థలంలో అపార్టుమెంటుకు లోతుగా తవ్వడం, గోడలోకి దిగిన రావి వేరు, వీటిలో ఏదో ఒకటై ఉంటుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన బీట కనిపిస్తే ముందు పునాదిని అనుమానించాలి. బీట మీద అడ్డంగా సన్నని గాజుముక్క అతికించి, పక్కనే తేదీ రాయండి. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతోందన్నమాట.

అపోహ: కింది గది యుద్ధకాలపు బంకరు. అక్కడి నుంచి సొరంగం కూడా ఉంది.

వాస్తవం: ఆ సొరంగం ఎవరింట్లో విన్నా కొండపల్లి కోట దాకా వెళుతుంది, వెళ్ళి చూసినవారు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. విమానదాడుల భయం ఉన్న రోజుల్లో మామూలు జనానికి చెప్పిన రక్షణ, ఆరుబయట తవ్వుకునే సన్నని కందకం. భయం తీరాక వాటిని పూడ్చేశారు. ఒకే మెట్లదారి, గాలి ఆడే మార్గం లేని నేలమాళిగలో బాంబులు పడే వేళ తలదాచుకోవడమంటే గోరీలోకి దిగడమే. అది ధాన్యానికో, ఇత్తడి సామానుకో, నగలకో కట్టుకున్న గది.

అపోహ: పెంకు మీద 1865 అని ఉంది కాబట్టి ఇల్లు 1865 నాటిది.

వాస్తవం: నాకు బాగా ఇష్టమైన అపోహ ఇది, ఎందుకంటే అసలు యుద్ధకథ ఈ పెంకులోనే ఉంది. మనం బెంగుళూరు పెంకులని పిలిచేవి మంగళూరు పెంకులు. 1865 అన్నది బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వారు మంగళూరులో పెంకుల కర్మాగారం పెట్టిన సంవత్సరం. అది కంపెనీ పుట్టిన ఏడాదే తప్ప పెంకు కాల్చిన ఏడాది కాదు. ఆ మిషన్‌లో జర్మన్లు ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం దాని పరిశ్రమలను శత్రువుల ఆస్తిగా స్వాధీనం చేసుకుంది. యుద్ధం ముగిశాక అవి కామన్‌వెల్త్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వెళ్ళాయి, పెంకుల మీద ముద్రా మారింది. అందుకే కప్పు విప్పించేటప్పుడు పెంకులను తిరగేసి చూడమంటాను. బాసెల్ మిషన్ పెంకుల నడుమ కామన్‌వెల్త్ ముద్ర ఉన్నవి కొన్ని కనిపిస్తే, ఆ కప్పును మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఒకసారైనా తిరగ నేయించారని చెప్పవచ్చు. ఇంటి వయసు మాత్రం దాన్నిబట్టి తేల్చకూడదు. పెంకులు ఇల్లు మారుతూనే ఉంటాయి.

అపోహ: యుద్ధం మధ్యలో కట్టినా మా ఇంట్లో అంతా కొత్త బర్మా టేకే.

వాస్తవం: 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమైంది. ఆ తర్వాత బర్మా కలప రావడం ఆగిపోయింది. సిమెంటు, ఇనుము చాలావరకు యుద్ధ అవసరాలకే మళ్ళాయి. 1943లో కట్టిన ఇంట్లో బర్మా టేకు దూలం ఉంటే, అది పాత నిల్వలోదైనా కావాలి, ఇంకో ఇల్లు విప్పితే వచ్చిందైనా కావాలి. దూలం పక్కన ఇప్పుడు దేనికీ పనికిరాని గాడులు, పాత మేకుల రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. కప్పుకు రైలు పట్టాలు వాడి ఉంటే ‘మిలిటరీ వారు ఇచ్చినవి’ అంటారు. పట్టా పక్కభాగం మీది సున్నం గీకితే తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలలో బయటపడతాయి. అయితే పట్టాలు రైళ్ళ కింద అరిగాకే ఇళ్ళకు చేరేవి కాబట్టి ఇల్లు ఆ సంవత్సరం తర్వాత చాలా కాలానికి కట్టినదై ఉండవచ్చు.

అపోహ: మా ఇంట్లో సైన్యం దిగింది. తాతగారు చెప్పారు, అది చాలదా?

వాస్తవం: చాలదు, కానీ కొట్టిపారేయను. గన్నవరం విమానాశ్రయం రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక స్థావరంగా ఉండేది. భారత రక్షణ నిబంధనల్లోని 75-ఏ కింద ప్రభుత్వం ప్రైవేటు ఇళ్ళను కూడా స్వాధీనం చేసుకోగలిగేది. అలా తీసుకుంటే ఉత్తర్వు ఉంటుంది, పరిహారం గురించి ఉత్తరాలు నడిచి ఉంటాయి. ముందు ఇంట్లోని ట్రంకుపెట్టె వెతకండి. 1953 అక్టోబరు 1 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కనుక, తర్వాత చూడవలసింది చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ పురాభిలేఖాగారం (ఆర్కైవ్స్). కాగితం దొరక్కుండానే గేటుకు పాలరాతి ఫలకం చెక్కించాలన్న ఉబలాటం ఈ మధ్య ఎక్కువైంది.

అపోహ: యుద్ధం 1945లో ముగిసింది, దాంతో ఈ ఇళ్ళకు బెడద తప్పింది.

వాస్తవం: పాత పేటల ఇళ్ళకు యుద్ధం చేసిన పెద్ద గాయం అద్దె నియంత్రణ. 1941లో యుద్ధకాలపు ఏర్పాటుగా మద్రాసు ఇంటి అద్దెల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. యుద్ధం పోయింది, నియంత్రణ పోలేదు. 1946లో, 1949లో చట్టాలై, 1960లో ఆంధ్రప్రదేశ్ సొంత చట్టంగా కొనసాగింది. అద్దెకున్నవారిని వీధిన పడకుండా కాపాడిన మేలు దానికి ఉంది. కానీ వచ్చే అద్దె కప్పు నేయించడానికి కూడా చాలనప్పుడు యజమాని ఇల్లు పట్టించుకోడు, తనది కాని ఇంటికి కిరాయిదారు ఖర్చు పెట్టడు. ముందు రెండు కొట్లు, వెనక నాలుగు వాటాలుగా చీలి, మధ్యలో మండువా కూలిపోయిన ఇళ్ళన్నిటిలో నాకు కనిపించే కథ ఇదే.

అపోహ: సిమెంటు పూత వేస్తే పాత గోడ గట్టిపడుతుంది.

వాస్తవం: డంగు సున్నంతో కట్టిన గోడ నేల నుంచి చెమ్మ పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి, ఉప్పు పేరుకుని, ఇటుక పొడిగా రాలుతుంది. వేలి కణుపుతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చినంత మేరా సిమెంటు ఊడదీసి మళ్ళీ సున్నమే పూయించాలి. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి సున్నం నూరే మేస్త్రీలు తగ్గిపోయారు, ఉన్నవారి కూలి ఎక్కువ. అయినా రెండేళ్ళకోసారి సిమెంటు పూయించే ఖర్చు లెక్కేస్తే తేడా ఎంతో ఉండదు.

అపోహ: నూరేళ్ళు దాటిన ఇల్లని తెలిస్తే ప్రభుత్వం లాగేసుకుంటుంది.

వాస్తవం: ఈ భయంతో దస్తావేజులు కూడా చూపించనివారున్నారు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించాలంటే కనీసం నూరేళ్ళ వయసుతో పాటు జాతీయ ప్రాముఖ్యమూ ఉండాలి. ముందుగా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు 2 నెలలు గడువు ఇవ్వాలి. ప్రకటించినంత మాత్రాన యాజమాన్యం చేతులు మారదు.